అమెరికాకు ఆగకుండా వెళ్లే విమానం: అమ్మానాన్నలకు మేలా, కష్టమా?

కృష్ణాతీరం:
1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ తొలి విమానం కైరోలోనూ జెనీవాలోనూ ఆగుతూ వెళ్లింది. ఆ మజిలీలను వెనుకబాటుతనంగా చూడడం నాకు సబబుగా తోచదు. దిగి నాలుగడుగులు వేసే వీలు వాటివల్లే ఉండేది. ఇప్పుడు 16 గంటలు ఏకబిగిన కూర్చోబెడుతున్నారు, అదీ ఇరుకులో. 1995లో బోయింగ్ 777 సర్వీసులోకి వచ్చినప్పుడు ఎకానమీలో వరుసకు 9 సీట్లుండేవి. విమానం వెడల్పు పెరగకుండానే చాలా సంస్థలు పదో సీటును ఇరికించాయి. కిందటేడు మా అమ్మ అలాంటి వరుసలో నడిమి సీట్లో కూర్చుని వచ్చింది. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. పెద్దవాళ్లకు మజిలీ ఉన్న టికెట్టే కొనాలని నా వాదన.

మంజీర:
కృష్ణాతీరం గారూ, మీ బాధ న్యాయమైనదే గానీ, మజిలీ ఉన్న విమానాల్లోనూ ఉండేవి ఆ ఇరుకు సీట్లే కదా. 1960లో ఎయిర్ ఇండియా న్యూయార్క్‌కు నడిపిన బోయింగ్ 707 గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోయేది. నేటి విమానాలదీ దాదాపు అదే వేగం. అంటే ఇన్నేళ్లలో మనకు కలిసొచ్చిన సమయమంతా నేల మీద ఆగకపోవడం వల్ల కలిసొచ్చిందే. రెండు ఇంజన్ల విమానం, ఒక ఇంజన్ చెడినా 60 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగేంత దూరంలోనే ఎగరాలన్న నిబంధనను 1985లో 120 నిమిషాలకు సడలించారు. ఇంధనం తక్కువ తాగే ఆ విమానాలు మహాసముద్రాలు దాటడం అక్కడే మొదలైంది. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా వెళ్లినదీ రెండు ఇంజన్ల విమానమే.

ఆ నేల మీది గంటలు పెద్దవాళ్లకు ఎంత కష్టమో మా పెద్దమ్మ చెబితే తెలిసింది. గేటు మారిందన్న ప్రకటన తెలుగు తప్ప మరో భాష రాని ఆవిడకు అర్థం కాక, పాత గేటు దగ్గరే కూర్చుండిపోయింది. చివరికి, చీర కట్టుకున్న ఒకావిడ కనిపిస్తే బోర్డింగ్ పాసు చూపించి, "మీరు తెలుగువాళ్లేనా అమ్మా?" అని అడగబట్టి విమానం అందింది. వేసవి వస్తే "అమ్మానాన్నలకు తోడు కావాలి" అంటూ మనవాళ్లు పెట్టే పోస్టుల్లో ఎక్కువ భాగం ఈ భయంతోనే కదా?

కృష్ణాతీరం:
భాష సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఒంటరిగా వచ్చే తల్లికి నేరుగా వచ్చే విమానమే మేలు. దంపతులిద్దరూ కలిసి వస్తుంటే మాత్రం, ముందే వీల్‌చెయిర్ అడిగిపెట్టి, మజిలీ ఉన్న దారినే రమ్మంటాను. ఏ దారిన వచ్చినా నడవ పక్క సీటుకు అదనపు డబ్బు కట్టడానికి వెనకాడకండి. గంటకోసారి లేచి నడవాలంటే, పక్కవారిని నిద్ర లేపలేక మా అమ్మ రాత్రంతా కదలకుండా కూర్చుంది.