పాత అంబాసిడర్ పెట్రోల్ పైపు గాలి పీలుస్తోంది, ఏం చేయాలి?

నాన్నగారి అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. విశాఖ సముద్రపు గాలి సంగతి తెలిసిందే, ట్యాంకు నుంచి వచ్చే ఇనుప పైపు తుప్పుపట్టి పొరలుగా రాలిపోయింది. కొత్త రాగి పైపు వేసి ఇంజన్ పక్కనున్న పెట్రోల్ పంపుకి కలిపాం. బయటికి చుక్క కూడా కారడం లేదు గానీ, ఫిల్టర్ గ్లాసులో ఒకటే బుడగలు. కాసేపు నడిచి ఆగిపోతోంది. పంపు పెట్రోల్‌ని లాగుతుంది కాబట్టి, అంతకు ముందున్న జాయింట్ లూజైతే కారకుండా గాలి పీలుస్తుందని నా అనుమానం.

పైపు చివర ఫ్లేర్ చేయాలా (అంటే గరాటులా వెడల్పు చేయడం), ఇత్తడి ఆలివ్ (పైపు మీద నొక్కుకుని సీల్ చేసే చిన్న రింగు) వేసి నట్టు బిగిస్తే చాలా? కంచరపాలెం మెకానిక్ టెఫ్లాన్ టేపు చుట్టేద్దామంటున్నాడు. ఆ పోగులు ఊడి కార్బురేటర్ జెట్‌లో (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రంలో) ఇరుక్కుంటాయేమోనని నా టెన్షన్. అలాగే ఈ20 పెట్రోల్‌కి (20 శాతం ఇథనాల్ కలిపినది) తట్టుకునే రబ్బరు హోస్ ఇక్కడ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.