రాత్రి మంచం దిగగానే తూలుతున్నారు: ముందు ఏం చూడాలి?

ప్రశ్న

అమ్మకి 76 ఏళ్ళు. బీపీకి ఆమ్లోడిపిన్, మెటోప్రొలోల్ వేసుకుంటుంది. పాదాల వాపుకి ఫ్యూరోసిమైడ్ (నీరు తీసే మాత్ర) కూడా ఇచ్చారు. రాత్రి రెండు మూడు సార్లు లేస్తుంది. ఈ నెలలో రెండుసార్లు మంచం పక్కనే తూలి గోడ పట్టుకుంది. కూర్చోబెట్టి చూస్తే బీపీ 136/80, బాగానే ఉంది. బాత్రూంలో కడ్డీలు బిగించాలా, వాకర్ కొనాలా? దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

నర్సు

కొనేవి తర్వాత చూసుకోవచ్చండి. కూర్చోబెట్టి చూసిన బీపీతో ఈ తూలుడు సంగతి తేలదు. నిలబెట్టి చూడాలి.

అమ్మగారిని ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి కొలవండి. చేతికి కట్టిన మెషిన్ పట్టీ విప్పకుండా లేపి నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి ఇంకోసారి చూడండి. వెనక కుర్చీ, పక్కన మనిషి తప్పనిసరి. నిలబడ్డప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: పట్టీ కట్టిన చెయ్యి కిందికి వేలాడేస్తారు. అలా చేస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించి, అసలు తేడా కనబడకుండా పోతుంది. ఆ చేతిని మీ చేత్తో గుండె ఎత్తుకి పట్టి ఉంచండి.

పడుకున్నప్పటికంటే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గిందంటే, లేచినప్పుడు బీపీ పడిపోతున్నట్టే. మెషిన్ చూపించే నాడి అంకె కూడా రాయండి, అది చాలా చెబుతుంది. పొద్దున లేవగానే మాత్రలు వేసుకోకముందు ఒకసారి, వేసుకున్న గంటా రెండు గంటలకి ఒకసారి, మూడు రోజులు చూస్తే చాలు.

ఇంకో మాట. లేచిన మొదటి పదిహేను సెకన్లలోనే పడిపోయి వెంటనే సర్దుకునే రకం కూడా ఉంది. మెషిన్ గాలి నింపి అంకె చూపించేలోపు అది అయిపోతుంది. అంకెలు బాగున్నాయి కదా అని కళ్ళు తిరగడాన్ని కొట్టిపారెయ్యకండి.

ఫార్మసిస్టు

ఫ్యూరోసిమైడ్ ఏ వేళకి వేసుకుంటున్నారు? నోటి ద్వారా వేసుకుంటే దాని పని సుమారు ఆరు గంటలు సాగుతుంది. రాత్రి వేసుకుంటే రాత్రంతా బాత్రూం దారే. పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి.

అంతకంటే ముందు అడగాల్సింది వాపు గురించి. ఆమ్లోడిపిన్ వల్లే చీలమండల దగ్గర వాపు రావచ్చు. ఆ వాపుకి నీరు తీసే మాత్ర పెద్దగా పనిచెయ్యదు. ఒంట్లో నీరు తగ్గుతుంది, లేచినప్పుడు బీపీ ఇంకా పడుతుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు తోడవడం పెద్దవాళ్ళ చీటీల్లో తరచూ కనబడేదే. ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాక వాపు వచ్చిందా, అంతకుముందే ఉందా గుర్తుచేసుకుని చెప్పండి. గుండె జబ్బు వల్ల వచ్చిన వాపైతే లెక్క వేరు, కాబట్టి ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు.

చీటీలో లేనివి కూడా చూడండి: జలుబుకి, దురదకి వేసుకునే మత్తు మాత్రలు, నిద్రకి క్లోనాజెపామ్, ఆల్ప్రజోలామ్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్. ఇవన్నీ తూలిస్తాయి. రోజూ వాడుతున్న నిద్రమాత్రని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, మెల్లగా తగ్గించాల్సిందే. షుగర్‌కి గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ ఉంటే తూలిన క్షణంలోనే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే ఆ తూలుడు షుగర్ పడిపోవడం వల్ల కావచ్చు.

ఫిజియోథెరపిస్టు

డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా ఇలా చెయ్యండి. లేవబోయే ముందు పడుకునే పాదాలు రెండూ పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాలి. మంచం అంచున పాదాలు నేలకి ఆనించి ఒకటి రెండు నిమిషాలు కూర్చోవాలి. నిలబడ్డాక మంచం పట్టుకుని పది లెక్కపెట్టి, అప్పుడే అడుగు వెయ్యాలి. పిక్కల కండరాలు బిగిసినప్పుడే కాళ్ళలో నిలిచిన రక్తం పైకి వెళుతుంది, అందుకే ఇదంతా.

మధ్యాహ్నం గంటసేపు కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే, వాపులోని నీరు రాత్రికి ముందే కొంత బయటికి పోతుంది. రాత్రి లేవకూడదని రోజంతా నీళ్ళు తగ్గించేస్తారు కొందరు, అది తలకిందుల వైద్యం. పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి తగ్గిస్తే చాలు. గుండెకో కిడ్నీకో నీళ్ళ కొలత చెప్పి ఉంటే ఆ కొలతే పాటించాలి.

మంచం అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే పైకి రాకూడదు. వెనక పట్టీ లేని చెప్పులు, వట్టి మేజోళ్ళు జారతాయి. వాకర్ కొంటే, చెప్పులు వేసుకుని చేతులు వేలాడేసి నిలబడ్డప్పుడు మణికట్టు మడత ఎక్కడుంటే పిడి అక్కడుండాలి.

అడిగినవారు

కొలిచానండి. పడుకుంటే 148/84, నాడి 72. లేచిన నిమిషానికి 118/74, నాడి 76. మూడో నిమిషానికి 122/76. నీరు తీసే మాత్ర రాత్రి 8కి వేసుకుంటోంది. కడ్డీలు స్క్రూలు లేకుండా గోడకి అతుక్కునే రకం దొరుకుతున్నాయి, సరిపోతాయా?

నర్సు

30 తగ్గిందంటే నాడి కనీసం 15 అయినా పెరగాలి, నాలుగే పెరిగింది. మెటోప్రొలోల్ నాడిని పెరగనివ్వదు కాబట్టి అది కారణం కావచ్చు. బీపీని, నాడిని సర్దే నరాలు దెబ్బతినడం కూడా కావచ్చు, షుగర్‌లోనూ పార్కిన్సన్స్‌లోనూ అది కనబడుతుంది. ఈ అంకెల్ని తేదీ, టైముతో కాగితం మీద రాసి, మాత్రలు వేసుకునే వేళలు కూడా పక్కన పెట్టి, ఈ వారంలోనే చూపించండి. మామూలు చెకప్ దాకా ఆగొద్దు. ఈలోపు స్పృహ తప్పినా, మలం నల్లగా వచ్చినా అదే రోజు ఆసుపత్రికి.

ఫిజియోథెరపిస్టు

అతుక్కునే కడ్డీలు వద్దు. లోపల గాలి చేరితే పట్టు వదిలేస్తాయి, అదీ బరువు వేసిన క్షణంలోనే. టవల్ రాడ్ కూడా మనిషి బరువుకి చేసింది కాదు. స్క్రూలు గట్టి గోడలోకి దిగాలి, టైల్ లోపల బోలు ఉంటే ఎంత పొడుగు స్క్రూ అయినా వృథా. కడ్డీ లావు 32 నుంచి 38 మి.మీ., గోడకీ దానికీ మధ్య సుమారు 38 మి.మీ. సందు ఉండాలి. సందు మరీ ఎక్కువైతే జారినప్పుడు మోచెయ్యి దాకా లోపలికి దూరి ఇరుక్కుంటుంది. కమోడ్ పక్కన అడ్డంగా బిగిస్తే ఎత్తు 84 నుంచి 91 సెం.మీ. బిగించాక మీ బరువంతా వేసి లాగి చూడండి, ఆ తర్వాతే అమ్మగారికి అప్పగించండి.

ఒకవేళ పడితే చంకల కింద చేతులు పెట్టి లేపొద్దు, భుజం తొలగుతుంది. ముందు కదిలించకుండా చూడండి. ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగినా, గజ్జల్లో నొప్పి ఉన్నా తుంటి విరిగి ఉండొచ్చు, అంబులెన్స్ పిలవండి. అలాంటిదేమీ లేకపోతే పక్కకి దొర్లి, మోకాళ్ళూ చేతుల మీదకి రావాలి. కదలని కుర్చీ ఎదురుగా పెడితే దాని మీద చేతులు ఆనించి, బలమున్న కాలు ముందుకు మడిచి లేస్తారు. ఇంకో కుర్చీ వెనక నుంచి మీరు జరపండి.

ఫార్మసిస్టు

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అపిక్సబాన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వాడేవాళ్ళ తలకి దెబ్బ తగిలితే మనిషి మామూలుగా మాట్లాడుతున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాలి. లోపల నెమ్మదిగా రక్తం చేరి, వారాల తర్వాత తలనొప్పి, మగత, తికమకగా బయటపడేవి కూడా ఉంటాయి. డాక్టర్‌కి ఎప్పుడు పడ్డారో తేదీ చెప్పండి.