అప్‌డేట్: సింగపూర్‌లో జపాన్ వాళ్లకు చిక్కిన మా జేజినాయన ఆచూకీ కొంత తెలిసింది

నమస్తే అండీ. రెండో ప్రపంచ యుద్ధంలో మా జేజినాయన జపాన్ వాళ్లకు ఖైదీగా చిక్కాడని, ఆ మాట తప్ప ఇంట్లో కాగితమేదీ లేదని, ఎక్కడ వెతకాలని మొన్న అడిగాను కదా.

"ముందు ఆర్మీ నంబర్ పట్టుకోండి, పేరుతో ఏమీ తేలదు" అన్నవారికి దండం. చిత్తూరు పాత ఇంట్లో, అటక మీది ట్రంకు పెట్టెలో, మా అవ్వ పసుపు గుడ్డలో చుట్టి దాచిన డిశ్చార్జి కాగితం దొరికింది. సగం చెదలు తినేశాయి గానీ నంబర్ మిగిలింది! దళం మద్రాస్ శాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం.

నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో వారం రోజులు వెతికాను. అందులో ఉండేది చనిపోయినవాళ్లే. సింగపూర్ క్రాంజి స్మారకం మీదే 24,000కు పైగా పేర్లున్నాయి. ఈయన బతికి ఇంటికొచ్చాడు, ఇక అక్కడెలా ఉంటాడు?

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. 17న ఫారర్ పార్కులో భారత సైనికులను విడిగా జపాన్‌కు అప్పగించారు. చాలామంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లలో కొందరిని న్యూగినియా దాకా తీసుకెళ్లి చాకిరీ చేయించారు. ఈయన ఏ వైపో ఇంకా తేలలేదు. అన్నానికి వంక పెడితే కంచం లాగేసేవాడని మా నాయన చెబుతాడు, అంతే.

నంబర్ రాసి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చేసి, బెంగళూరులోని ఆ దళం రికార్డ్స్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపాను. జవాబు రాగానే చెబుతా.