కొలంబో బడితో కలిసి భూమి చుట్టుకొలత: నీడతో కుదురుతుందా?

ప్రశ్న: జెండాలు, వేషాలు కాకుండా ఏడో తరగతికి వేరే దేశం పిల్లలతో కలిసి చేసే పరిశోధన కావాలి. మాది హైదరాబాద్.

జవాబు 1: భేషుగ్గా కుదురుతుంది మేడం. మార్చి 21 దగ్గర రెండు చోట్లా 1 మీటరు కర్ర నిలబెట్టి, 11:50 నుంచి 12:50 దాకా 5 నిమిషాలకోసారి నీడ కొన గుర్తు పెట్టాలి. అన్నిటికన్నా పొట్టి నీడే లెక్క: మీకు సుమారు 31 సెం.మీ., వాళ్లకి 12. కర్రనీ నీడనీ స్కేలుకి గీస్తే కర్ర కొన దగ్గర ఎండ చేసే కోణం కొలవచ్చు. రెండు ఊళ్ల కోణాల తేడా 10.5 డిగ్రీలు, ఉత్తర దక్షిణ దూరం సుమారు 1,160 కి.మీ. 360ని 10.5తో భాగించి దూరంతో గుణిస్తే 40,000 దగ్గరికొస్తుంది.

జవాబు 2: గడియారం 12 కొట్టగానే కొలిచేస్తారు, అక్కడే తప్పు. మార్చి 21 దగ్గర మీ ఊళ్లో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకొచ్చేది 12:23 ప్రాంతంలో. కర్ర వాలిందేమో దారానికి రాయి కట్టి చూడండి.

జవాబు 3: ఆగస్టు చివర్లో చేస్తే (మబ్బు లేకపోతే) కొలంబో నీడ దక్షిణానికి పడుతుంది, మీది ఉత్తరానికే. అందుకని ఒక కోణంలోంచి ఇంకోటి తీసెయ్యకూడదు, రెండూ కూడాలి. ఇది ముందే చెప్పెయ్యకండి, పిల్లలే తగువు పడనివ్వండి.