ఫారెస్ట్ వాళ్లకు తుపాకీ ఇవ్వాలా వద్దా? కడప వైపు వాళ్లు చెప్పండి

బద్వేలు జిరాక్స్:
అందరికీ నమస్కారం. మాది సిద్ధవటం మండలంలో లంకమల అడవి అంచున ఉండే పల్లె. బద్వేలులో జిరాక్స్ షాపు నడుపుతాను. మా బావ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. రాత్రి డ్యూటీకి పోతే చేతిలో టార్చి, కర్ర, అంతే. ఎదురయ్యేవాళ్ల దగ్గర గొడ్డళ్లు ఉంటాయి. 2013 డిసెంబరులో శేషాచలంలో ఎర్రచందనం ముఠా ఇద్దరు ఫారెస్ట్ అధికారులను కొట్టి చంపినప్పటి నుంచి, బావ ఫోన్ ఎత్తకపోతే మా అక్కకు టెన్షన్. "కానిస్టేబుల్‌కైతే తుపాకీ, నా మొగుడికైతే కర్రా?" అంటుంది.

మా పెదనాయన కొడుకు మేకలు మేపుతాడు. ఆయనది ఇంకో మాట. "కర్రతోనే ఇంత అదిలిస్తున్నారు, తుపాకీ కూడా ఇస్తే మేకలను వదిలేసి నేను పరిగెత్తాల్సిందే" అంటాడు. కనుమ నాడు బావ, ఆయన ఒకే వరసలో కూర్చుని, కూర చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. వడ్డించే మా అమ్మ ఇద్దరినీ తిట్టింది.

ఫారెస్ట్, ఎక్సైజ్, జీఎస్టీ ఇవన్నీ పోలీసు శాఖలు కావు కదా. వీళ్లకు సోదా, అరెస్టు, ఆయుధం ఎంతవరకు ఉండాలి? పార్టీల గొడవ వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి.

కడప కుర్రోడు:
దుంగలు మోసుకుపోయేవాళ్లకు దండం పెట్టి సాగనంపాలా? ఇచ్చేయండి తుపాకీ. ఇందులో చర్చేముంది?

పాత సెక్షనాఫీసర్:
బాబూ, నేను పాలకొండల్లో, లంకమలలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మీ అక్కయ్య భయం ఉత్తది కాదు. మా ఆవిడా అలాగే రాత్రులు కూర్చునేది. కానీ తుపాకీ వస్తే ఆ భయం పోతుందనుకోకండి.

కొన్నాళ్లు ఆఫీసు తుపాకీ నా చేతికిచ్చారు. ఆ కాలమంతా నాకు స్మగ్లర్ల కంటే తూటాల లెక్క మీదే ఎక్కువ దిగులు. ఎన్ని తీసుకున్నాం, ఎన్ని తిరిగి పెట్టాం, రిజిస్టర్లో ఎవరి సంతకం ఉంది, ఇదే గోల. బేస్ క్యాంపులో ఉండేది ఒకరిద్దరు సిబ్బంది, నలుగురైదుగురు ప్రొటెక్షన్ వాచర్లు. వాచర్లంటే పక్క ఊళ్ల పిల్లలే. తుపాకీ ఎక్కుపెట్టడం ఎవరికీ సరిగా నేర్పలేదు. యాభై మంది గుంపు చీకట్లో ఎదురైతే ఆ ఒక్క తుపాకీతో కాల్చాలా, వాళ్లు లాక్కోకుండా దాన్నే కాపాడుకోవాలా? నాకైతే రెండోదే పెద్ద పనిగా కనిపించేది.

2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో ఎర్రచందనం స్మగ్లింగ్‌ను అడ్డుకునే టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను స్మగ్లర్లు కారుతో గుద్ది చంపారు. ఆ దళం ఆయుధాలున్న దళమే.

ఇంకో సంగతి, ఆఫీసుల్లో కూర్చునేవాళ్లకు ఇది ఎక్కదు. నా సర్వీసులో దుంగలు పట్టుబడింది ఎక్కువగా మేకల కాపరుల మాట మీదే. కొత్త కాలిబాట ఎక్కడ పడింది, బియ్యం మూటలు ఏ బండల కింద దాచారు, ఏ చెలమ దగ్గర కొత్త మనుషులు నీళ్లు పట్టుకున్నారు, ఇవన్నీ వాళ్లకే తెలుస్తాయి. (అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది కదా, దాన్ని పట్టించింది కూడా ఊరి మనిషే.) మీ పెదనాయన కొడుకును తుపాకీ చూపించి బెదిరిస్తే రేపు మీ బావకు కబురు చెప్పేవాడే ఉండడు. అప్పుడు అడవిలో మీ బావ నిజంగా ఒంటరి.

బీటులో తిరిగేవాడికి పనిచేసే వైర్‌లెస్, ఇంకో బండి, పిలిస్తే వచ్చే సాయుధ దళం కావాలి. తుపాకీ ఆ దళం దగ్గర ఉండాలి, దానికి ఒక అధికారి జవాబు చెప్పాలి.

కోర్టు పక్షి:
కడప కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. పెద్దాయన తుపాకీ గురించి చెప్పారు, నేను కాగితం గురించి చెప్తాను. నా లెక్కన అదే ఎక్కువ ప్రమాదం.

1972 వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ కింద ఫారెస్ట్ అధికారి వారంటు లేకుండా సోదా చేయొచ్చు, అరెస్టు చేయొచ్చు. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయి అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుంది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని అందరికీ తెలుసు. కానీ ఫారెస్ట్ అధికారిని కోర్టులు సాధారణంగా 'పోలీసు అధికారి'గా లెక్కించవు. అంటే పోలీసు చేసే పనే చేస్తాడు, పోలీసుకు ఉండే పగ్గం మాత్రం పూర్తిగా ఉండదు. చిక్కంతా ఇక్కడే.

మాదకద్రవ్యాల చట్టంలో ఇదే తిరకాసు ఉంటే, తూఫాన్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు దాన్ని సరిచేసింది. ఆ చట్టం కింద దర్యాప్తు అధికారాలున్నవాళ్లు పోలీసులతో సమానమేనని, వాళ్ల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో రాధికా అగర్వాల్ కేసులో కస్టమ్స్, జీఎస్టీ అధికారుల వంతు వచ్చింది. వాళ్లు పోలీసులు కాకపోయినా అరెస్టు జాగ్రత్తలన్నీ పాటించాల్సిందేనంది: కారణం చెప్పాలి, బంధువుకు తెలపాలి, రికార్డు రాయాలి. నిజానికి 1996లో డి.కె. బసు తీర్పే ఈ నియమాలు పోలీసులతో పాటు అరెస్టు చేసే ఇతర ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయంది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు సీసీ కెమెరాలు పెట్టమన్నప్పుడు పోలీస్ స్టేషన్లతో పాటు సీబీఐ, ఈడీ వంటి కేంద్ర సంస్థలనూ చేర్చారు. మన ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు పేరు అందులో లేదు.

కుర్రోడు గారికి ఒక్క మాట. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. కాల్పులు జరిపింది పోలీసులు, ఫారెస్ట్ సిబ్బంది కలిసి ఉన్న టాస్క్‌ఫోర్స్. ఎర్రచందనం కొనుక్కునే పెద్దమనిషి ఒక్కడూ ఆ శవాల్లో లేడు.

అస్సాంలో 2010లో ఇంకో దారి పట్టారు. ఫారెస్ట్ సిబ్బంది కాల్పులు జరిపితే, అది అనవసరమని మేజిస్టీరియల్ విచారణలో తేలేదాకా కేసు, అరెస్టు ఉండవని నోటిఫికేషన్ ఇచ్చారు. నాకు నచ్చలేదు. తుపాకీ ఇచ్చిన చేత్తోనే రక్షణ కూడా ఇస్తే ఇక అడిగేదెవరు?

ప్రొద్దుటూరు టు డాలస్:
ఇక్కడ అమెరికాలో ఈ గొడవ ముదిరిపోయింది. 2010లో కేంద్ర విద్యాశాఖ 27 షాట్‌గన్లు కొనడానికి టెండర్ పిలిచింది. నవ్వుకోకండి, విద్యార్థుల రుణాల మోసాలు పట్టుకునే విభాగం కోసం. ఇలా ఒక్కో శాఖలో మోసాలు పట్టుకునే విభాగాలను అక్కడ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసులంటారు. వాటికి 2002 చట్టంతో పోలీసు అధికారాలు వచ్చాయి. 2014లో నెవాడాలో పశువుల మేత మీద ఒక రైతుకూ కేంద్ర భూముల శాఖ సాయుధ సిబ్బందికీ పెద్ద పేచీ నడిచాక, యూటా కాంగ్రెస్ సభ్యుడు ఒకాయన సివిల్ సంస్థల సాయుధ దళాలను తీసేయాలని బిల్లు పెట్టాడు. అవసరమైతే పోలీసు సంస్థల సాయం తీసుకోవచ్చు కదా అని ఆయన వాదన. అది చట్టం కాలేదు. మేకలకైనా ఆవులకైనా మేత దగ్గరే మొదలవుతుంది చూడండి.

కడప కుర్రోడు:
సరే, కూలీల సంగతి ఒప్పుకుంటా. మరి ఆ కొనుక్కునే పెద్దమనిషిని ఎవరు పట్టుకుంటారు? బీటాఫీసరా?

పాత సెక్షనాఫీసర్:
బీటాఫీసరు కాదు నాయనా. వాడు దొరికేది ఫోన్ రికార్డుల్లో, బ్యాంకు ఖాతాల్లో, ఓడరేవు కంటెయినర్లలో. దానికి అడవిలో తుపాకీ ఎందుకు?

బద్వేలు జిరాక్స్:
అందరికీ థాంక్స్. అక్కకు అంతా చదివి వినిపించాను. తుపాకీ మాట పక్కన పెట్టి "మరి ఆ వైర్‌లెస్ ఎప్పుడిస్తారంట?" అని బావ మీద పడింది. వకీలు గారూ, ఒక చిన్న డౌటు. మేకలు అడవిలోకి పోయాయని పోయినేడు మా పెదనాయన కొడుకు దగ్గర డబ్బు కట్టించుకున్నారు, రసీదు ఇవ్వలేదు. ఇప్పుడు అడగొచ్చా?

కోర్టు పక్షి:
అడగొచ్చు. ఏ తేదీన, ఏ నేరానికి, ఏ హోదా అధికారి కాంపౌండ్ చేశాడో (అంటే డబ్బు కట్టించుకుని కేసు లేకుండా వదిలేశాడో), రసీదు నంబరెంతో చెప్పమని సమాచార హక్కు కింద రాసి అడగండి. దరఖాస్తు రేంజ్ ఆఫీసుకు కాకుండా డీఎఫ్ఓ (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్) ఆఫీసుకు పెట్టండి. మీ బావ చేత మాత్రం రాయించకండి, ఆయన ఉద్యోగం ఆయన్ని చేసుకోనివ్వండి.