ప్లాన్ సమీక్షకు ముందు రాసే ప్రోగ్రెస్ రిపోర్టులో పిల్లల మెరుగుదలను ఎంతవరకు చెప్పాలి?

టార్నీట్ అమ్మ:

మా అబ్బాయికి ఏడేళ్లు, ఆటిజం ఉంది. కొన్నేళ్లుగా ఎన్‌డీఐఎస్ (ఆస్ట్రేలియా ప్రభుత్వ జాతీయ వైకల్య బీమా పథకం) ప్లాన్ కింద స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ చేయిస్తున్నాం. ఇప్పటి ప్లాన్ గడువు దగ్గర పడటంతో ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) గారు ప్రోగ్రెస్ రిపోర్టు డ్రాఫ్టు పంపి, మార్పులేమైనా ఉంటే చెప్పమన్నారు. అందులో "పళ్లు తోముకోవడం, బడిలో టిఫిన్ డబ్బా తెరుచుకోవడం స్వతంత్రంగా చేస్తున్నాడు" అని ఉంది. చదివి సంతోషపడ్డాను. కానీ ఇక్కడి తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో చెబితే, ఆ వాక్యం వెంటనే తీయించమని, లేకపోతే కొత్త ప్లాన్‌లో థెరపీ గంటలు కోసేస్తారని చాలామంది హెచ్చరించారు. మావారు మాత్రం, మెరుగయ్యాడని రాస్తేనే కదా థెరపీ పనిచేస్తోందని వాళ్లకు తెలిసేది అంటున్నారు. రెండు వాదనల్లోనూ నిజం కనిపిస్తోంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. ఆ వాక్యాన్ని ఉంచాలా, తీయించాలా?

పారమటా నాన్న:

తీయించడమే మంచిది. ప్లాన్ మంజూరు చేసే అధికారి మీ అబ్బాయిని ఎన్నడూ చూసి ఉండరు. వారి ముందున్నది కాగితం ఒక్కటే. ముందస్తు చికిత్స నిబంధన కింద, అంటే ఎన్‌డీఐఎస్ చట్టంలోని 25వ సెక్షన్ కింద పథకంలో చేరిన పిల్లల అర్హతను పథకం నడిపే ఏజెన్సీ మళ్లీ పరిశీలించవచ్చు, ఆ అవసరం ఇక లేదనుకుంటే పథకం నుంచి తప్పించవచ్చు కూడా. పైగా 2025 ఆగస్టులో మంత్రి మార్క్ బట్లర్ థ్రైవింగ్ కిడ్స్ అనే కొత్త కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు, ఎనిమిదేళ్లు, అంతకంటే తక్కువ వయసులో ఉండి స్వల్ప, మధ్యస్థ స్థాయి అవసరాలున్న పిల్లలను ఎన్‌డీఐఎస్‌లోకి కాకుండా అటు మళ్లించాలన్నదే ఉద్దేశమని స్పష్టంగానే చెప్పారు. ప్రభుత్వం ఖర్చు తగ్గించుకునే దారులు వెతుకుతున్న రోజుల్లో "స్వతంత్రంగా" అనే మాటను మనంతట మనమే రాసి చేతికివ్వడం తెలివైన పని కాదు.

మన ఊళ్లో వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వెళ్లేటప్పుడు నలభై శాతం గీత దాటుతుందా లేదా అని ఇల్లంతా ఎంత ఆదుర్దా పడుతుందో అందరికీ తెలుసు. దేశం మారినా ఆ ఆదుర్దా పోలేదు. అక్కడ గీత కంటికి కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. తేడా అంతే.

బ్రిస్బేన్ ఓటీ:

నేను ఇలాంటి రిపోర్టులు రాసే వృత్తిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నిజమైన వాక్యాన్ని తీసేయమని తల్లిదండ్రులు అడిగితే నేను తీయను. మేము ఆప్రా (ఆరోగ్య వృత్తులవారిని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ కింద పనిచేస్తున్నాం, తప్పుదోవ పట్టించే రిపోర్టు మీద సంతకం పెడితే ఆ రిజిస్ట్రేషన్‌కే ముప్పు. అయితే టార్నీట్ అమ్మగారి డ్రాఫ్టులో ఉన్న వాక్యం నిజమేనా అన్నది నా సందేహం.

అమ్మగారూ, కొన్ని ప్రశ్నలు అడుగుతాను. బ్రష్ మీద పేస్టు ఎవరు పెడుతున్నారు? "ఇప్పుడు పై పళ్లు, ఇప్పుడు వెనక పళ్లు" అని పక్కన నిలబడి ఎవరైనా చెప్పవలసి వస్తోందా? బాత్రూమ్ గోడ మీద బొమ్మల చార్టు ఉంటే, అది లేని చోట, ఉదాహరణకు సెలవుల్లో బంధువుల ఇంట్లో, ఏం జరుగుతోంది? టిఫిన్ డబ్బా విషయంలో, మామూలు డబ్బా మూత రాదని మీరు తేలిగ్గా తెరుచుకునే డబ్బా వెతికి కొన్నారా? భోజనం వేళ బడిలో సహాయకులు ఎవరైనా పక్కన ఉంటున్నారా? వీటిలో ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా "స్వతంత్రంగా" అనే మాట అక్కడ నిలవదు. అప్పుడు ఆ వాక్యం ఇలా ఉండాలి: "బొమ్మల చార్టు ఉండి, పెద్దలు రెండు మూడు మాటలతో గుర్తుచేస్తే పళ్లు తోముకోగలుగుతున్నాడు. పోయిన ఏడాది చెయ్యి పట్టుకుని చేయించవలసి వచ్చేది. చార్టు లేకపోతే, ఎవరూ గుర్తుచేయకపోతే బ్రష్ నోట్లో పెట్టుకుని ఆగిపోతున్నాడు." ఈ మూడు వాక్యాల్లో మెరుగుదల ఉంది, ఇంకా ఉన్న అవసరం ఉంది, తోడ్పాటు తీసేస్తే ఏమవుతుందో ఉంది.

ఇది మాటల గారడీ అని అనుకోకండి. చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ఒక సపోర్టుకు డబ్బు ఇవ్వాలంటే అది సమంజసమూ అవసరమూ అయి ఉండాలి. ఖర్చుకు తగిన విలువ ఉండాలి, మంచి ఫలితం ఇస్తుందన్న నమ్మకం కూడా కలగాలి. ఏ మార్పూ రాలేదని రాయించుకుంటే, ఇంతకాలం ఫలితం లేని థెరపీకి ఇంకా డబ్బెందుకని వాళ్లు అడగవచ్చు. అన్నీ వచ్చేశాయని రాస్తే ఇక అవసరమేముందని అడగవచ్చు. వాట్సాప్ గ్రూపు రెండో ప్రమాదం గురించే చెప్పింది, మొదటిదాన్ని మరిచిపోయింది.

పరీక్షల మార్కుల గురించి కూడా చెప్పాలి. రోజువారీ నైపుణ్యాలను కొలిచే వైన్‌లాండ్ వంటి పరీక్షల్లో పిల్లవాడి మార్కును అదే వయసు పిల్లలతో పోలుస్తారు. ఏడాదిలో మీ అబ్బాయి ఎన్నో కొత్త పనులు నేర్చుకున్నా, మిగతా పిల్లలూ అంతే ఎదుగుతారు కాబట్టి పోలిక మార్కు అక్కడే ఉండిపోవచ్చు, కాస్త తగ్గినా ఆశ్చర్యం లేదు. రిపోర్టులో ఈ సంగతిని వివరించకుండా ఉత్త అంకెలు పెడితే, చదివే అధికారి థెరపీ విఫలమైందనుకోవచ్చు. మీ ఓటీ గారు మార్కుల కింద రెండు వాక్యాల వివరణ ఇచ్చారో లేదో చూడండి.

పారమటా నాన్న:

ఓటీ గారి వాక్యాలు బాగున్నాయి, ఒప్పుకుంటాను. కానీ అలా రాయడానికి పట్టే సమయం ఎవరి లెక్కలో పడుతుంది? 2025-26 ధరల ప్రకారం ఓటీకి గంటకు గరిష్ఠ ధర 193.99 డాలర్లు. రిపోర్టుకు నాలుగు గంటలు వేస్తే 776 డాలర్లు. ఆ సొమ్ము పిల్లవాడి థెరపీ బడ్జెట్ నుంచే పోతుంది. అంటే థెరపీ కావాలని నిరూపించుకోవడానికి నాలుగు థెరపీ గంటలు చెల్లించుకోవాలన్నమాట. అంతా చేశాక చదివే అధికారి మూడు పేజీలు చదివి ఊరుకుంటే ఆ నాలుగు గంటలు ఎవరిస్తారు? 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ఐ-క్యాన్ అనే అంచనా సాధనంతో అవసరాలను అంచనా వేస్తామని, 16 ఏళ్లు దాటినవాళ్లతో మొదలుపెడతామని చెప్పింది. అది పిల్లలకూ వస్తే ఈ రిపోర్టుల ఖర్చయినా తప్పుతుందని నా ఆశ.

బ్రిస్బేన్ ఓటీ:

ఆ ఆశతో నేను ఏకీభవించలేను. ఏజెన్సీ నియమించిన కొత్త మనుషులు ఒక పూట కూర్చుని అంచనా వేస్తే చాలన్న ప్రతిపాదన ఇంతకు ముందూ వచ్చింది. స్వతంత్ర అంచనాలు అనే ఆ పద్ధతిని వికలాంగుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో 2021 జూలైలో విరమించుకున్నారు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు మా పిల్లలు ఒక్కోసారి ఎంతో బాగా చేస్తారు, ఒక్కోసారి నోరే తెరవరు. ఏడాది పొడవునా చూసిన మనిషి రాత అవసరం అందుకే. ఖర్చు గురించి మీరన్నది మాత్రం న్యాయమే. రిపోర్టుకు ఎన్ని గంటలు వేస్తారో థెరపిస్టుతో చేసుకునే ఒప్పందంలో (సర్వీస్ అగ్రిమెంట్‌లో) ముందే రాయించుకోవడం తల్లిదండ్రుల హక్కు.

ప్లాన్ మేనేజర్ (సిడ్నీ):

బిల్లులు చూసే మనిషిగా రెండు సంగతులు చెబుతాను. 2025 నుంచి కొత్త ప్లాన్లలో డబ్బును విడతలుగా, చాలావరకు మూడు నెలలకొకసారి విడుదల చేస్తున్నారు. రిపోర్టు బిల్లు ఆఖరి విడతలో వస్తుంది కాబట్టి ఆ మొత్తాన్ని అప్పటికి మిగుల్చుకోకపోతే చివరి వారాల్లో థెరపీ ఆగిపోతుంది. రెండోది, గడువు తేదీ దాటినంత మాత్రాన ప్లాన్ రద్దయిపోదు, కొత్తది వచ్చేవరకు పాతది కొనసాగుతుంది. కంగారుపడి అరకొర రిపోర్టు పంపవలసిన పని లేదు.

ఖమ్మం ఐఈఆర్‌పీ:

మా చెల్లెలు సిడ్నీలో ఉండటం వల్ల ఈ చర్చ చదువుతుంటాను. నేను తెలంగాణలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తాను. మేమూ ప్రతి బిడ్డకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తాం, లక్ష్యాలు పెట్టుకుంటాం, సమీక్షిస్తాం. అయితే రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం వంటివి సర్టిఫికెట్‌ను బట్టి వస్తాయి గానీ ఆ ప్రణాళికలో మేం రాసే మెరుగుదలను బట్టి కాదు. అందుకని మా దగ్గర తల్లులు "బాగా చేస్తున్నాడని రాయండి మేడమ్" అని అడుగుతారు. దాచమని అడిగిన తల్లిని నేను చూడలేదు. రాతకూ డబ్బుకూ ముడి వేస్తే తల్లుల కోరిక ఎలా తలకిందులవుతుందో మీ చర్చలో కనిపిస్తోంది.

అడిలైడ్ విద్యార్థిని:

ఇంతవరకు తల్లిదండ్రులు, ఉద్యోగులు మాట్లాడారు. రిపోర్టు ఎవరి గురించి రాస్తారో ఆ మనిషిగా నేను మాట్లాడతాను. నాకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాక నా ప్లాన్ నిర్ణయాలు నా చేతికి రావడంతో పాత ఫైలు మొత్తం తెప్పించుకుని చదివాను. అమ్మానాన్నలు నా కోసమే అలా రాయించారని తెలుసు, వాళ్ల మీద నాకు కోపం లేదు. అయినా పేజీ తరువాత పేజీ, ఏడాది తరువాత ఏడాది, నేను చేయలేని పనుల జాబితా తప్ప ఆ ఫైలులో నేను లేను. పదేళ్ల వయసులో కుర్చీలోంచి మంచం మీదికి నా అంతట నేను మారడం నేర్చుకోవడానికి పడ్డ కష్టం నాకు బాగా గుర్తుంది. ఆ ఏటి రిపోర్టులో దాని ఊసే లేదు. ఎందుకు లేదో ఈ చర్చ చదివాక అర్థమైంది.

పిల్లల ఫైలును రేపు ఆ పిల్లలే చదువుతారని ఇక్కడ ఒక్కరూ అనుకున్నట్టు లేదు. 33వ సెక్షన్ ప్రకారం ప్లాన్‌లో మొదట ఉండవలసింది పార్టిసిపెంట్, అంటే పథకంలో చేరిన మనిషి, తన లక్ష్యాల గురించి చెప్పుకునే మాటలు. ఏడేళ్ల బాబు కూడా తనకు ఏం కావాలో చెప్పగలడు, బొమ్మ చూపించైనా చెబుతాడు. దాన్ని ఎవరైనా అడిగారా? ఇక రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, అమ్మ ఉద్యోగం మానుకోవడం, చెల్లి పుట్టినరోజు మధ్యలో ఇంటికి వచ్చేయడం వంటివన్నీ చెప్పవలసిందే, అవి నిజాలు. కానీ వాటికి వేరే చోటుంది. తల్లిదండ్రులు కేరర్ స్టేట్‌మెంట్ అని విడిగా రాసి జతచేయవచ్చు. మీ కష్టాన్ని అందులో మీ మాటల్లో చెప్పండి. అది థెరపిస్టు రిపోర్టులోకి చేరితే పిల్లవాడి లోపంగా కనిపిస్తుంది.

టార్నీట్ అమ్మ:

అందరికీ ధన్యవాదాలు. పేస్టు నేనే పెడుతున్నాను, పక్కన నిలబడి చెబుతున్నదీ నేనే. టిఫిన్ డబ్బా మాత్రం నిజంగానే తనే తెరుచుకుంటున్నాడని బడి టీచరు రాసి ఇచ్చారు. కాబట్టి పళ్ల వాక్యాన్ని ఓటీ గారు చెప్పిన పద్ధతిలో మార్చమని, డబ్బా వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచమని ఈ రోజే మెయిల్ పెట్టాను. మార్కుల కింద వివరణ లేదు, అదీ అడిగాను. కేరర్ స్టేట్‌మెంట్ నేను తెలుగులో రాస్తాను, మావారు ఇంగ్లీషులోకి మారుస్తారు. బాబును ఏం కావాలని అడిగితే ఈత అన్నాడు. లక్ష్యాల్లో ఇప్పటిదాకా అది లేదు.

పారమటా నాన్న:

డబ్బా వాక్యం విషయంలో నా అభిప్రాయం మారలేదు, కానీ బిడ్డ మీది, నిర్ణయం మీది. ఒకవేళ గంటలు తగ్గితే నిర్ణయం అందిన మూడు నెలల లోపు ఏజెన్సీని అంతర్గత సమీక్ష అడగండి. అక్కడా తేలకపోతే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ ఉంది. దానికి 28 రోజులే గడువు. మెయిల్‌తో పాటు, సవరించిన డ్రాఫ్టుకు మళ్లీ గంటలు బిల్లు చేస్తారా అన్నది కూడా ఓటీని రాతపూర్వకంగా అడగండి.