అప్‌డేట్: అమ్మకు ఓసీడీ, థెరపీ మొదలుపెట్టాం

ఓసీడీ అంటే అనుమానం వదలక ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. కావలి నుంచి ముందు అడిగాను కదా, అమ్మ తాళం ఇరవైసార్లు లాగి చూస్తుంది, థెరపీతో మెదడు మారుతుందా అని. మారుతుంది. 1992లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ఓసీడీ ఉన్నవాళ్లకు పెట్ స్కాన్‌లు (మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపేవి) తీశారు. మందుతో మెరుగైనవాళ్లలోనూ, బిహేవియర్ థెరపీతో మెరుగైనవాళ్లలోనూ మెదడులో కుడివైపు కాడేట్ అనే భాగంలో గ్లూకోజ్ వాడకం తగ్గింది, అంటే ఆ భాగం పని నెమ్మదించింది.

నెల్లూరులో సైకాలజిస్టుకు చూపిస్తున్నాం. థెరపీలో భాగంగా అమ్మ తాళం ఒక్కసారి వేసి వచ్చేయాలి, టెన్షన్ దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవాలి. మొదటిరోజు ట్రంక్ రోడ్డు దాకా వచ్చి ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. మాకు ఇంకా కష్టమైంది ఏంటంటే, "వేశావులేమ్మా" అని ధైర్యం చెప్పకూడదన్నారు. ఇన్నాళ్లూ ఆ మాటతో జబ్బుకు మేత వేసింది మేమే.

నిన్న కొండబిట్రగుంట గుడికి వెళ్లొచ్చాం. తాళం గురించి దారిలో ఒక్కసారే అడిగింది. మందులు మాత్రం డాక్టర్ చెప్పేదాకా ఆపం.